నలభై ఈనెపుల్లలు

కృష్ణవేణి బ్యాగులోంచి కొబ్బరి ఈనెపుల్ల తీసి బల్ల మీద పెట్టింది.

"మీ పీచు బేలులో దొరికిందండీ. ఇలాంటివి నలభై బేళ్లలో ఉన్నాయి."

మాణిక్యం ఆ పుల్లని చూసి కుర్చీలోంచి లేచింది. అంబాజీపేట దగ్గర పదహారేళ్లుగా పీచు మిల్లు నడుపుతోంది. కృష్ణవేణి పనిచేసే పరుపుల కంపెనీ ఆర్డరు పోతే మిల్లు మూతే.

కంపెనీకి పీచు పంపేది ఇద్దరు: మాణిక్యం, రాజోలు ఏసుదాసు. ఇకమీదట ఒక్కరినే ఉంచుతారు. ఎవరు ఎక్కువ సహకరిస్తున్నారో కొలిచి రమ్మని కృష్ణవేణిని హైదరాబాదు నుంచి పంపారు. ఇరవై ప్రశ్నల ఫారంలో ఇద్దరికీ సమానంగా మార్కులు వచ్చాయి. ఇక తేల్చాల్సింది ఈ పుల్లే.

"చెత్తలో కలిసిపోయుంటాయండీ."

"ప్రతి బేలులో ఒక్కటే, అదీ తాడు ముడి పక్కనేనా?"

పీచు ఆరబోస్తున్న కూలిమనిషి చిన్నమ్మలు వెనక్కి తిరిగింది. "అది ఏసుదాసు గారి గుర్తు కదండీ! పీకడం మర్చిపోయేం."

"నోరు ముయ్యవే!" అని మాణిక్యం అరిచింది. అప్పటికే ఆలస్యమైంది.

కిందటి నెల తుఫానుకి మాణిక్యం పీచంతా తడిసిపోయింది. లారీ లోడు తగ్గకూడదని ఏసుదాసు నలభై బేళ్లు ఇచ్చాడు. ఇక్కడి మిల్లుల్లో బదులిచ్చిన బేలుకి తమ గుర్తుగా ఈనె గుచ్చుతారు. సరుకులో తేడా వస్తే ఇచ్చినవాళ్లే మాట పడతారు. కానీ బయటి సరుకు కలిపితే కంపెనీ ఒప్పందం రద్దు. అందుకే కంపెనీ లారీ ఎక్కించే ముందు ఈనెలు పీకేస్తారు.

కృష్ణవేణి ఏసుదాసుకి ఫోను చేసింది. "మాణిక్యం గారికి బేళ్లు ఇచ్చారా? అవునంటే ఆర్డరంతా మీదే."

ఏసుదాసు అవునని గానీ కాదని గానీ అనలేదు. "వస్తన్నానండి."

గంటలో అతని మోటారుసైకిలు గేటు ముందు ఆగింది. లోపలికొచ్చి ఏసుదాసు కూర్చోలేదు.

"ఆయ్, ఇచ్చేనండి. మార్చిలో నా మిషను కాలిపోయినప్పుడు నేను మీకు పంపిన లోడులో డెబ్భై బేళ్లు అక్కగారివే. మా వాళ్లు పుల్లలు పీకేరు, వీళ్లు మర్చిపోయేరు. అంతే తేడా. తీసేస్తే ఇద్దర్నీ తీసెయ్యండి."

"ఎందుకొచ్చేవయ్యా!" అంది మాణిక్యం.

"ఆర్డరంతా వదులుకుంటారా?" కృష్ణవేణికి నమ్మకం కలగలేదు.

"తీసుకుంటానే అనుకోండి, వచ్చే తుఫానుకి నాకెవరిస్తారు?"

కృష్ణవేణి ఫారం వైపు చూసింది. మూడేళ్లలో ఒక్క లారీ కూడా ఆలస్యం కాలేదు. ప్రతి మీటింగులో కంపెనీ గొప్పగా చెప్పుకునే ఆ లెక్క ఈ ఇద్దరూ కలిసి నిలబెట్టిందే. ఇరవై ప్రశ్నల్లో దాని గురించి ఒక్కటీ లేదు.

అక్కడే మేనేజరుకి ఫోను కలిపి జరిగిందంతా దాచకుండా చెప్పింది.

"ఇద్దరూ రూలు తప్పారన్నమాట."

"తప్పారు సార్. ఇద్దర్నీ తీసేస్తే ఈ నెలే ఫ్యాక్టరీ ఆగుతుంది. ఒకర్ని తీసేస్తే వచ్చే తుఫానుకి ఆగుతుంది."

ఆయన అవతల కాగితాలు తిరగేశాడు. "సరే, ఇద్దర్నీ ఉంచండి. రూలు మారుద్దాం. ఆ పుల్లలు మాత్రం వద్దు."

"ఉండనివ్వండి సార్," అంది కృష్ణవేణి. "ఎవరి సరుకో తెలుస్తుంది."