కర్రి భాగం

మా ఊళ్ళో వేటకు ఒక కట్టడి ఉంది. జింక పడితే వెళ్ళినవాళ్ళందరికీ సమానంగా భాగాలు వేస్తారు. తుపాకి కాల్చినవాడికి తల అదనం. వెళ్ళిన కుక్కకూ భాగం ఉంటుంది, దాన్ని కుక్కగలవాడి ఇంటికి చేర్చాలి. వెళ్ళనివాడికి, వాడు ఎంత మొనగాడైనా సరే, ఎముక ముక్క కూడా రాదు.

నేనూ ఒకప్పుడు వెళ్ళినవాణ్ణే. పెనుకొండ వైపు గుట్టల్లో అడవిపంది వెంటపడి, బండ మీదినుంచి జారి కాలు విరగ్గొట్టుకున్నాను. ఆ ఏడే నా భార్య గంగులమ్మ పోయింది. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోరు ఎట్లాంటిదో ఊరందరికీ తెలుసు. ఆంధ్ర రాష్ట్రం వచ్చిందని ఇంటింటికీ బెల్లం పంచిన రోజు కూడా నా గడప ఎవడూ తొక్కలేదు. నేనూ, నా నల్లకుక్క కర్రీ, ఒకే కుండలో సంగటి.

కర్రి మాత్రం వేటకు పోయేది. ఆ సాయంత్రం ఎవరో ఒకరు ఇస్తరాకులో మాంసం పట్టుకొని వచ్చేవారు. "కదిరప్పా, ఇదో నీ కుక్క బాగం" అనేవారు. "కూర్చోబ్బా, జింక ఎట్ల పడింది?" అని నిలేసేవాణ్ణి. వేట సంగతి అడిగితే చెప్పకుండా పోయే మగాడు ఉంటాడా? ఒక చుట్ట కాలేంతసేపు నా ఇంట్లో మనిషి గొంతు వినబడేది. మాంసం కంటే నాకు ఆ మాటల మీదే ఆశ.

వేట మిగులు పూడ్చే పని కూడా నాదే. పేగులూ గిట్టలూ బయట పారేస్తే ఊరకుక్కలు రుచి మరిగి గొర్రెపిల్లల మీద పడతాయి, నక్కలు ఊళ్ళోకి దిగుతాయి. అందుకని వంక అవతల లోతుగా గుంత తవ్వి, పూడ్చి, పైన ముళ్ళకంపా బండలూ వెయ్యాలి. పరుగెత్తే పని కాదని నాకు అంటగట్టారు. అది వేట కింద లెక్క కాదట, దానికి భాగం లేదట. అడిగితే "కుక్కది వస్తాండాది కదప్పా" అని నవ్వేవాళ్ళు.

మొన్న ఉగాది అయ్యాక జరిగిన వేటలో కర్రి పోయింది. మగజింక కొమ్ముతో డొక్కలో పొడిచిందట. తుపాకి ఓబుళప్పది. జింక మిగులుతో పాటు కర్రిని కూడా అతనే బండిలో తెచ్చి వంక దగ్గర దించాడు.

"మంచి కుక్కప్పా. అన్నీ ఒగే గుంతలో ఏసెయ్. కుంటి కాలితో రెండు గుంతలెందుకు?" అన్నాడు.

"నీ నోట్లో మన్ను పడ! నా కర్రి నీ జింక పేగులతో పండుకుంటాదా?"

అతను బండి తోలుకొని పోయాడు.

రెండు గుంతలు తవ్వాను. కర్రికి మెత్తటి చోటు చూశాను. పైపంచెలో చుట్టి పడుకోబెట్టాను. ఏడ్చాను, చూడ్డానికి ఎవడున్నాడు గనక! కంప వేస్తున్నంతసేపూ ఒకటే దిగులు. ఇక నా ఇంటికి ఎవడొస్తాడు?

ఇంటికి చేరి కాళ్ళు కడుక్కుంటుంటే గడప దగ్గర దగ్గు వినబడింది. వరసకు అల్లుడయ్యే నాగప్ప, చేతిలో ఇస్తరాకు. నాకు ప్రాణం లేచి వచ్చింది. ఇన్నేళ్ళకు నన్నూ వేటలో లెక్కేశారనుకున్నాను. గబగబా చాప పరిచాను.

"రా నాగప్పా, కూర్చో. నా బాగమా?"

"కాదు మామా, కర్రిది. వేటలో చచ్చిపోయిన కుక్కకు ఆ పొద్దు బాగం తప్పకూడదు కదా."

"సరేలేబ్బా. కూర్చో. జింక ఎట్ల పడిందో చెప్పు."

అతను కర్రి పడుకునే గోనెపట్ట వైపు చూసి, వెంటనే తల తిప్పుకున్నాడు. "ఈ పొద్దు వేట సంగతి నీకేమని చెప్పేది మామా? పోతాండా." ఆకు గడప మీద పెట్టి వెళ్ళిపోయాడు.

చచ్చిన కుక్కకు భాగం ఉంది. బతికున్న నాకు లేదు. ఎవరిని తిట్టాలో కూడా తెలియలేదు. పరిచిన చాప చుట్టి, ఆకు పట్టుకొని మళ్ళీ వంక దాటాను. కంప తీసి, దాని భాగం దాని పక్కనే పూడ్చి, బండలు సర్దాను.

లేచి, పార భుజాన వేసుకొని, అలవాటుకొద్దీ వెనక్కి తిరిగి పిలిచాను.

"దా కర్రీ, పోదాం."