నిమ్మచెక్క పెట్టిన మూడు ముక్కలు

మేం కట్టుకుంటున్న కొత్త ఇంట్లో వంటింటి గట్టుకు రాయి ఎంచే పని నా మీద పడింది.

"నిలబడేది నువ్వు, వండేది నువ్వు. నువ్వే చూసుకో," అని మా ఆయన చేతులు దులుపుకున్నారు. మంచికే అన్నారు. కానీ నేను ఎనిమిదో తరగతిలో బడి మానేసినదాన్ని. ఇంతవరకూ కిటికీ తెర గుడ్డ కూడా నేనొక్కదాన్నే ఎంచింది లేదు. రాయి ఒకసారి కోశాక షాపువాళ్లు వెనక్కి తీసుకోరు. పొరపాటు చేస్తే బతికినన్నాళ్లూ ఆ పొరపాటునే తుడుచుకుంటూ దాని ముందు నిలబడాలి.

షాపాయన అరచేయంత ముక్కలు మూడిచ్చాడు. ఒకటి తెల్ల పాలరాయి, ఒకటి నల్ల గ్రానైటు, ఇంకోటి బూడిదరంగు మీద చుక్కల గ్రానైటు. మర్నాడు సాయంత్రానికి చెప్పమన్నాడు.

షాపు నుంచి ఇంటికొచ్చే దారిలోనే అత్తయ్య తేల్చేశారు. "తెల్లదే. ముఖం చూసుకోవచ్చు. ఆ చుక్కలది చూడు, దుమ్ము దులపడం మర్చిపోయినట్టుంది."

"మరకలు పడతాయేమో అత్తయ్యా."

"తోమే చేతిలో ఉంటుందే అంతా. మీ కాలం వాళ్లకు తోమడం ఎక్కడ తెలుసు?"

నాకు ప్రతిదానికీ భయమే. పాపకు రెండున్నరేళ్లు. దాని నోట్లోకి వెళ్లని వస్తువు మా ఇంట్లో లేదు. అందుకే పొద్దున్నే, మరకలు పడతాయేమో చూద్దామని, దానికి అందకుండా మూడు ముక్కల్నీ కిటికీలో వరసగా పెట్టి, ఒక్కోదాని మీద కాస్త నూనె చుక్క వేసి, పక్కనే నిమ్మచెక్క బోర్లించి, పాపను స్నానానికి తీసుకెళ్లాను.

తిరిగొచ్చేసరికి రెండే ఉన్నాయి. తెల్లది లేదు.

పాప అంతసేపూ నా చేతుల్లోనే ఉందన్న సంగతి కూడా మరిచిపోయి, దాని నోరు తెరిచి చూశాను. అరచేయంత రాయి!

చివరికి బియ్యం డబ్బా వెనక దొరికింది, తడిగుడ్డలో చుట్టి. మరక చూసి ఆగలేక, కంచు గిన్నెలు మెరిపించినట్టే అత్తయ్య దాన్ని నిమ్మచెక్కతో, ఉప్పుతో తోమేశారన్నమాట. ఆవిడ చేయి తిరిగినంతమేరా మెరుపు పోయి, రాయి సుద్దలా పాలిపోయింది.

ఎక్కడిదక్కడే పెట్టేశాను. భోజనాల దగ్గర అత్తయ్య ఎటో చూస్తూ, "తెల్లది వద్దులే. చలికాలం చేతులు కొంకర్లు పోతాయి," అన్నారు.

"అవునత్తయ్యా, చలి," అన్నాను.

మా ఆయన ఇద్దరి ముఖాలూ చూసి, మళ్లీ అన్నం కలుపుకున్నారు.

ఇక నల్లది. నిమ్మకూ నూనెకూ చెక్కు చెదరలేదు; చుక్కలదీ అంతే. అదే తీసుకుందామనుకున్నాను. కానీ గింజంతైనా తేడా లేని అంత నలుపు నాకెందుకో మింగుడు పడలేదు. గోళ్లరంగు తుడిచే మందులో దూది ముంచి గట్టిగా రుద్దాను. దూది నల్లబడింది. ఇంకో దూదితో చుక్కలదాన్ని రుద్దాను. తెల్లగానే ఉంది.

సాయంత్రం ఆ నల్ల దూదిని కాగితంలో చుట్టుకుని అందరం షాపుకు వెళ్లాం.

"నల్లదేగా అమ్మా? అందరూ అదే పట్టుకెళ్తున్నారు," అన్నాడు షాపాయన.

నేను మా ఆయన వైపు చూశాను. తర్వాత పొట్లం విప్పి బల్ల మీద పెట్టాను. "ఇది మీ రాయికి పూసిన రంగు, అన్నయ్యగారూ. మా పాప అన్నీ నాకుతుంది. చుక్కలది ఇవ్వండి."

ఆయన దూదిని చూశాడు, నన్ను చూశాడు. "ఎంతవరకు చదువుకున్నావమ్మా?"

ఎవరడిగినా నేను తల దించుకునే ప్రశ్న అది. నేను నోరు తెరిచేలోపే అత్తయ్య అందుకున్నారు. "మీ రాళ్ల సంగతి తెలిసేంత."

వెనకాల రాళ్లు కోసే మేస్త్రి పకపకా నవ్వి, టేపు పట్టుకుని లేచొచ్చాడు. "గట్టు ఎత్తెంత పెట్టమంటారమ్మా?"

నన్నే అడుగుతున్నాడు. ఇన్నాళ్లూ అద్దె ఇళ్లలో ఎవరి ఎత్తుకో కట్టిన గట్ల ముందు వంగి వంగి వండాను. చేయి మడవమని, నా మోచేతికి నాలుగు వేళ్లు కిందగా గోడ మీద సుద్దతో గీత గీశాడు. పాపను తెచ్చి ఆ గీత పక్కన నిలబెట్టాను. గీత సరిగ్గా దాని నుదుటికే వచ్చింది.

"మూలలు గుండ్రంగా తీయాలి," అన్నాను. ఈసారి ఎవరి వైపూ చూడలేదు.

"తీస్తానమ్మా."

"తీశాక చేయి పెట్టి చూస్తాను."

"చూడండి," అన్నాడు మేస్త్రి. "దూది కూడా తెచ్చుకోండి."