విప్పని కానుక

నేను ఒక గొడుగు కింద నడుస్తున్న ఇద్దరు అమ్మాయిలను. ఒళ్లంతా కాగితమే. ఇద్దరున్నాక ఒంటరితనమేమిటని మీరు నవ్వుతారేమో. పక్కపక్కనే ఉన్నా మాట్లాడుకోలేనివాళ్ల సంగతి మీకు కొత్త కాదులెండి.

నన్ను చేసింది కాకినాడలో ఉండే వకుళ. తెల్లటి దళసరి డ్రాయింగ్ షీటు తప్ప ఆమె ఇంకేమీ వాడదు. మొండి చాకుతో గీత గీసి వంచితే బుగ్గ. సన్నటి పీలికల్ని పెన్సిలుకు చుట్టి వదిలితే జుట్టు. జిగురు అగ్గిపుల్ల కొనతో అద్దేది. కాస్త ఎక్కువైతే కాగితం ఉబ్బి, కుదిరిన ముఖం కాస్తా పాడయ్యేది, మళ్లీ మొదటికొచ్చేది. రంగులు వేయలేదు. మడతల మీద వెలుతురు పడితేనే నాకు కళ్లూ ముక్కూ తెలుస్తాయి.

ఆ ఇద్దరిలో ఒకతె వకుళ. చెప్పులు చేత్తో పట్టుకున్నది ఆమె చిన్ననాటి స్నేహితురాలు హైమవతి. ఒక పేరంటంలో హైమవతి అందరి ముందూ, "మా వకుళకేంటే, కాగితాలు కత్తిరించుకుంటూ కాలక్షేపం చేసేత్తాది" అని నవ్వింది. వకుళ తాంబూలం తీసుకోకుండా లేచి వచ్చేసింది. అప్పటినుంచి మాటల్లేవు. హైమవతి కూతురి పెళ్లికి నన్ను పెట్టెలో సర్దుతూ వకుళ తనలో తనే అనుకుంది.

"ఇది చూత్తే అదే ఫోన్ చేత్తాది. చెయ్యలేదా, ఇంక దాని ఊసు నాకొద్దు."

పెళ్లిలో కానుకల గుట్ట కింద నలిగి, వకుళ పేరున్న చీటీ ఊడిపోయింది. నేను హైమవతి ఇంట్లో అటకెక్కాను. మీ ఇళ్లలో కానుకలన్నీ విప్పరని నాకప్పుడే తెలిసింది. కొన్ని అలాగే ఉండి ఇంకెవరి శుభకార్యానికో దిగుతాయి. పైన మెరుపు కాగితం మారిస్తే చాలు. లోపలి కాగితం గురించి ఎవరికీ పట్టదు. ఆ చీకట్లో నాకు ఏడుపొచ్చేది. అక్కడ వకుళ ఫోన్ కోసం చూస్తూ ఉంటుందని తెలుసు.

చెల్లెలి కూతురు స్వర్ణ గృహప్రవేశానికి హైమవతి నన్ను దించి, ఊపి చూసి, గోడగడియారమనుకుని ఇచ్చేసింది. స్వర్ణ మాత్రం విప్పింది. కిటికీ పక్కన పెట్టింది.

శ్రావణమాసం పేరంటానికి వచ్చిన హైమవతి నా ముందు ఆగింది.

"కాగితమేనా ఇది? ఎంత పనితనమే," అంటూ వంగి చూసింది. చెప్పులు పట్టుకున్న పిల్లను చూసింది. పక్కనున్న పిల్లను చాలాసేపు చూసింది. "ఇది నీకెవరిచ్చారే?"

"అదేంటి పెద్దమ్మా, గృహప్రవేశానికి నువ్వే ఇచ్చావు కదా."

హైమవతి తల దించుకుంది. "అవునే, నేనే," అంది.

సెల్ తీసి వకుళ పేరు దగ్గర ఆగింది. ఫోన్ చేస్తే నీ కానుక విప్పకుండానే ఇంకొకరికి ఇచ్చేశానని చెప్పాలి. సెల్ మళ్లీ సంచిలో వేసుకుంది.

"అంత నచ్చితే పట్టుకెళ్లు పెద్దమ్మా," అంది స్వర్ణ.

"ఇచ్చింది మళ్లీ ఎలా తీసుకుంటానే," అంటూ హైమవతి తాంబూలం అందుకుని మెట్లు దిగింది.

వకుళ నన్ను ఇచ్చింది హైమవతికే. ఇప్పటికీ నేను ఆమెదాన్నే.