చెట్ల మాస్టారు

నాలుగో కాగితం మీద కొమ్మ గీస్తూ గీస్తూ చెట్ల మాస్టారు పెన్సిలు ఆపాడు. ఆఫీసులో ఆయన్ని అందరూ అలాగే పిలుస్తారు. ఇరవై రెండేళ్లుగా అదే కుర్చీ, అదే పని: మనుషులు రాసిన నియమాలను కంప్యూటరు నడిపే ఎక్స్‌ప్రెషన్ ట్రీలుగా, అంటే కొమ్మలు చీలిన చెట్లుగా, మార్చడం. నాడి యాభైకి తగ్గితే నర్సును పిలవాలని ఎవరైనా రాస్తే, ఆ షరతు మాను అవుతుంది. నాడి, యాభై, పిలుపు దాని కొమ్మలు. కుర్రకారు తెర మీద చూసి సరిపెట్టుకుంటారు. ఈయన కాగితం మీద గీస్తే గాని నమ్మడు. చిటికెన వేలి పక్కన పెన్సిలు మసి ఏ సబ్బుకీ పోదు. పదోన్నతి కోసం ఎవరి చుట్టూ తిరగలేదు, తిరగడం చేతకాదు కూడా.

పాత చెట్లకు ఒక్కసారి పిలవడమే తెలుసు. నర్సింగ్ హోమ్ వాళ్లు అది చాలదన్నారు. పిలిచి రెండు నిమిషాలు ఆగాలి, పలక్కపోతే మళ్లీ పిలవాలి, మూడుసార్లకూ పలక్కపోతే డాక్టరుకు కబురు పోవాలి. ఆర్నెల్లు బుర్ర బద్దలుకొట్టుకుని చెట్లకు ఆగడం, తిరగడం నేర్పాడాయన. ఆగడానికి అవెయిట్, తిరగడానికి లూప్. ఇవాళ పొద్దున్నే అది ఒక నర్సింగ్ హోమ్‌లో మొదలైంది. తల్లి పోయాక పెళ్లి మానుకుని తనను పెంచిన అక్కను, గుండె జబ్బు ముదిరాక ఆయన చేర్పించింది అక్కడే. తన చేతి పనే ఆవిడను కనిపెట్టుకుని ఉంటుందని గొప్పలు కూడా పోయాడు.

ఇప్పుడు నాలుగో కాగితం మీద తప్పు కనిపించింది. ఆగినచోట చెట్టు నిద్రపోతుంది. లేచాక ఎన్నిసార్లు పిలిచిందో దానికి గుర్తుండాలి. ఆ లెక్కను లూప్ బయట దాచాల్సింది, లోపల దాచాడు. లేచిన ప్రతిసారీ మళ్లీ ఒకటే. మూడు ఎన్నటికీ రాదు. పరీక్షల్లో ఇది బయటపడలేదు. తొందరగా ముగుస్తాయని వాటిలో ఆగే సమయాన్ని సున్నా చేశాడు. నిద్రే పోని చెట్టు మరిచిపోయేదేముంది?

మేనేజరు చిన్నపిల్ల, మంచిది. విషయం చెబితే సోమవారం సరిచేద్దామంది. అంతవరకూ నర్సు పలకకుండా ఉంటుందా అని నవ్వింది.

“పలక్కపోతే ఏమిటనే కదమ్మా ఇదంతా చేసింది,” అన్నాడాయన.

నర్సింగ్ హోమ్ ఫోను ఎంతసేపటికీ ఖాళీ లేదు. కాగితాలు బల్ల మీదే వదిలేసి బయల్దేరాడు. రెండు వీధుల దూరం. మిట్టమధ్యాహ్నం, రోడ్డు దాటడానికి సిగ్నలు మారేదాకా నిలబడ్డాడు. జీవితంలో ఎన్నడూ సిగ్నలు తప్పని మనిషి, ఇవాళా తప్పలేదు. ఆగిన ఆ అర నిమిషమే ఆయన్ని చాలా కాలం కాల్చింది.

వరండాలో ఆయా ఒక్కతే ఉంది. వేరే గదిలో పెద్దాయన పడిపోతే నర్సమ్మ అంబులెన్సులో వెంట వెళ్లిందని, గంట దాటిందని చెప్పింది. మాస్టారు తలుపు నెట్టాడు. అక్క గోడవైపు తిరిగి పడుకుని ఉంది. చెయ్యి పట్టుకున్నాడు. చల్లగా ఉంది. స్టూలు లాక్కుని కూర్చున్నాడు. ఏడుపు కన్నా ముందు సిగ్గు ముంచుకొచ్చింది.

వెనకే వచ్చిన ఆయా గుమ్మంలోనే ఆగిపోయింది.

“డాక్టరుగారికి కబురు పోతుందన్నారే బాబూ. పోలేదా?”

“పోదమ్మా. నేనే అలా రాశాను.”

బయట నర్సు బల్ల మీద, హడావిడిలో ఆమె మరిచిపోయిన, పిలుపులు అందుకునే పేజరు రెండు నిమిషాలకోసారి వణుకుతూ, అరచేతిలో సగమున్న తెర మీద ప్రతిసారీ అదే మాట చూపిస్తోంది: మొదటి పిలుపు.