కల్బాకు చేరిన మామిడి తొక్కు

దుబాయ్‌లో ఎవరెటు బయల్దేరినా గదిలోవాళ్లు ఊరుకోరు. అటువైపున్న తమవాళ్లకు ఇవ్వమని మూటలు కట్టి చేతిలో పెడతారు. పోశయ్యకు మాత్రం కల్బా సముద్రం ఒడ్డున ఒక్కరోజు ఒంటరిగా కాళ్లు చాపుకుని కూర్చోవాలని ఆశ. కల్బాలో అందరికీ చుట్టాలున్నారు, బనియాస్‌లో ఎవరూ లేరనుకున్నాడు. అందుకే జెబెల్ అలీలోని తన గదిలో, "పన్ను నొస్తుంది, బనియాస్‌ల డాక్టర్ తానికి పోతున్న" అని అబద్ధమాడాడు.

"మా బావ గంగమల్లు బనియాస్‌లనే ఉంటడు గద," అంటూ అదే గదిలోని అంజి మూడు కిలోల మామిడి తొక్కు పచ్చడి అందించాడు.

ఆ బరువు మోసుకుంటూ మూడు బస్సులు మారి కల్బా చేరాడు పోశయ్య. ఒడ్డున ఎవడో ఒక్కడే ముఖంమీద తువ్వాలు కప్పుకుని పడుకున్నాడు. పక్కన సకినాల డబ్బా. అలికిడికి తువ్వాలు తీశాడు. అంజి బావ గంగమల్లు.

పోశయ్య తొక్కు చూపించి, తన పన్నునొప్పి అబద్ధం ఒప్పుకున్నాడు.

"జెబెల్ అలీ పోతున్ననని చెప్పొచ్చిన," అన్నాడు గంగమల్లు. "మా గదోళ్లు అంజికి పంపిండ్రు."

తొక్కు అటు, సకినాలు ఇటు మారాయి.

"ఇగ కూసుంటనే," అన్నాడు పోశయ్య.

"కూసో. కానీ జర దూరం పోయి కూసో. నేను ఒక్కన్నే ఉందామని వచ్చిన."