ఖమ్మం టోర్నమెంటు బ్యాటు

నాలుగు బ్యాట్లు అప్పటికే గోనెపట్టా మీద వరుసగా ఉన్నాయి. సొలొమోను ఐదోదాన్ని చెవి దగ్గర పెట్టుకుని, తీగల మీద బొటనవేలితో మీటి, తల అడ్డంగా ఊపాడు. మళ్ళీ విప్పాడు. పొద్దుటినుంచీ ఎడమ భుజం సలుపుతూనే ఉంది. తీగలు లాగేవాడికి భుజం సలపక కాలు సలుపుతుందా అని తనకి తనే సర్దిచెప్పుకున్నాడు.

భార్య ఆరోగ్యమ్మ గంజి తెచ్చిపెట్టి, ఆ తాళేదో తన మెడలో కాకుండా ఈ బ్యాట్లకే కట్టి ఉంటే పీడా పోయేదని సణిగింది. ఫైనల్ ఉన్నప్పుడల్లా అనే మాటే. ఎప్పుడూ నవ్వేవాడు ఈసారి నవ్వలేదు.

నందిగామలో దశరథరామయ్యగారి పత్తి మిల్లుకి బాల్ బ్యాడ్మింటన్ జట్టుండేది. ఆడటానికి నెలజీతమిచ్చిన మారాజు ఆయన. కంచికచర్ల నుంచీ పెనుగంచిప్రోలు నుంచీ కుర్రాళ్ళని ఏరి తెచ్చి కొలువిచ్చాడు. పొద్దున సంతకం, ఎండ తగ్గాక కోర్టు. దూదిపని వాళ్ళకి రాదు, రానక్కర్లేదు కూడా. మిల్లు తోలుబెల్టులు కుట్టే సొలొమోను ఒకసారి తెగిన బ్యాటు బాగుచేసిన పాపానికి జట్టులో మనిషైపోయాడు. ఒక్క పాయింటూ ఆడింది లేదు గానీ, గెలిచినప్పుడు ఆయన నడక చూడాలి! తెనాలిలో ఓడిన ఏడు కంచికచర్ల దాకా ఎవరూ నోరు విప్పలేదు. అక్కడ బండి ఆపి అందరిచేతా మిరపకాయ బజ్జీలు తినిపించింది ఆయనే. ఉప్పెనొచ్చిన ఏడాది పోటీలు లేకపోతే, అదే జట్టుతో కలిసి దివిసీమకి బియ్యం బస్తాలు మోశాడు. పిల్లల్లేని ఆ ఇంటికి ఆటగాళ్ళే పిల్లలు. పండుగొస్తే ఆరోగ్యమ్మ చేసే కోడికూర వాళ్ళకి సరిపోయేది కాదు.

నిన్న సాయంత్రం దశరథరామయ్యగారు పిలిపించారు. కుర్చీలోంచి తల ఎత్తకుండానే చెప్పారు.

"మిల్లు అమ్మేశా సొలొమోనూ. కొత్త తీగ తెప్పించమాక. రేపే ఆఖరాట. అయ్యాక పిల్లలకి నువ్వే చెప్పు. నావల్ల కాదు."

"అట్టాగేనండి," అని వచ్చేశాడు.

ఫైనల్‌కి జగ్గయ్యపేట కోర్టు చుట్టూ జనం విరగబడ్డారు. మూడో ఆట చివర్లో కెప్టెన్ ఉమాకాంతం బ్యాటు తీగ టప్పున తెగింది. ఇంకో బ్యాటు అందుకుని ఆ పాయింటూ కొట్టాడు, కప్పూ కొట్టాడు. సొలొమోను కళ్ళు తుడుచుకుని దుమ్ము పడిందన్నాడు. ఇప్పుడు చెప్పాలి అనుకున్నాడు. కప్పులో సోడా పోసుకుని తాగుతున్న పిల్లల్ని చూసి ఊరుకున్నాడు. బస్టాండులో చెప్పొచ్చులే అనుకున్నాడు. అక్కడా నోరు రాలేదు.

ఆ జట్టుకో ఆనవాయితీ ఉంది. ఫైనల్లో తెగిన బ్యాటుని ఇల్లు చేరేలోపే కట్టెయ్యాలి. లేకపోతే పై పోటీ పోతుందని నమ్మకం. బస్సెక్కగానే ఉమాకాంతం బ్యాటు తెచ్చి ఆయన ఒళ్ళో పెట్టాడు.

"బాబాయ్, ఖమ్మం టోర్నమెంటుకి ఇదే బ్యాటు. గట్టిగా లాగి కట్టు."

సొలొమోను తెగిన తీగ కొస పట్టి లాగాడు. ఖమ్మమూ లేదు, జట్టూ లేదు.

"ఖమ్మానికేగా. ఊరెళ్ళేలోపు కట్టేస్తా."

ముందు సీటులో కిటికీ పక్కన కూర్చుని, సంచిలో మిగిలిన తీగ తీసి పని మొదలెట్టాడు. చిల్లకల్లులో బస్సు ఆగినప్పుడు ఉమాకాంతం వెనకసీటు వాళ్ళతో గొంతు తగ్గించి మాట్లాడాడు. మిల్లు అమ్మకం సంగతి గుమస్తా వాళ్ళకి వారం కిందటే చెప్పేశాడు. ఆటగాళ్ళకి ఇంకెక్కడో పని దొరుకుతుంది, బాబాయికి జట్టు తప్ప ఇంకేముంది? అందుకే ఆయన చెవిన పడనివ్వకుండా కాపాడుకొస్తున్నారు.

"ఇంటికెళ్ళాక పిన్ని ముందు నేనే మెల్లగా చెప్తా. ఈ కాసేపూ ఆయన్ని కట్టుకోనివ్వండి," అన్నాడు ఉమాకాంతం.

సూర్యుడు దిగిపోతుండగా నందిగామ వచ్చింది. పిల్లలు కప్పు పట్టుకుని దిగారు. ఉమాకాంతం ముందుసీటు దగ్గర ఆగాడు. సొలొమోను తల కిటికీ ఊచకి ఆనించి ఉంది. అలిసిపోయి పడుకున్నాడనుకున్నాడు.

"బాబాయ్, ఊరొచ్చింది."

భుజం మీద చెయ్యి వేశాడు. తర్వాత చల్లబడిన ఆయన చెయ్యి పట్టుకుని, వదలకుండా ఆ సీటులోనే పక్కన కూర్చుండిపోయాడు. కండక్టరు గంట కొట్టబోయి ఆగిపోయాడు. దిగినవాళ్ళు ఒక్కొక్కరే మళ్ళీ బస్సెక్కారు.

ఆయన ఒళ్ళో ఖమ్మం బ్యాటు అలాగే ఉంది. నిలువు తీగలన్నీ బిగించి ఉన్నాయి, అడ్డతీగ సగం దాకా అల్లి ఉంది, మిగతా తీగ మోకాళ్ళ మీదుగా జారి ఆయన పాదాల దగ్గర చుట్టలా పడి ఉంది.