ఎడమకు వాలిన ముడి

నేను ఒక చెక్కపలకను. పుట్టుకకు చెర్రీ చెట్టును, చేసిన పని కూడా చెర్రీ పూలు అచ్చేయడమే. టోక్యోను ఎడో అని పిలిచే రోజుల్లో, సొబెయి అనే చెక్కడపు పనివాడు నన్ను నున్నగా చిత్రికపట్టి ఉలి అందుకున్నాడు.

మా బొమ్మ పూల పండగ విందు. గీతలకు ఒక పలక, రంగుకో పలక ఉండేవి; అన్నిటినీ ఒకే కాగితం మీద వరసగా అద్దితేనే బొమ్మ. నా వంతుకు గులాబీ రంగు వచ్చింది: కొమ్మల మీది పూలు, ఒక ఆడమనిషి నడికట్టు, అంతే. పూర్తి బొమ్మను ఆరేసిన కాగితాల మీద చూడాల్సిందే. పూలు చూడ్డానికి వచ్చామంటూ జనమంతా సాకే సారా గిన్నెల్లోకే చూస్తున్నారు. అంత విందులో నాకు ఒక్క ముఖం కూడా దక్కలేదు.

ఆ ఆడమనిషి అందరికీ దూరంగా, వీపు తిప్పి కూర్చుని ఉంటుంది. చిత్రకారుడు ఆమెను నాలుగు గీతల్లో తేల్చేశాడు. సొబెయి మాత్రం ఆమె నడికట్టుకే రెండు రోజులు తీసుకున్నాడు. ముడిని కాస్త ఎడమకు వాల్చి చెక్కాడు. ఆయన భార్య ఒనామి అలాగే కట్టుకునేదట. అంతకు ముందు చలికాలంలోనే ఆమె జ్వరమొచ్చి పోయింది.

మొదటి విడత అమ్ముడుపోయాక ప్రచురణకర్త కన్సుకే వచ్చాడు.

"పండగ బొమ్మలో ఈ ఒంటరి మనిషేమిటయ్యా? చూస్తేనే దిగులు పుడుతోంది. తీసెయ్. నేల ఖాళీగా ఉన్నా ఫర్వాలేదు."

"అలాగేనండి," అన్నాడు సొబెయి.

గీతల పలక మీద ఆమె జుట్టు, మెడ, నీలం పలక మీద కిమోనో తొలిచేశాడు. తర్వాత నన్ను తీసుకున్నాడు. ముడి మీద ఉలి పెట్టాడు, తీశాడు, మళ్లీ పెట్టాడు. చివరికి నన్ను అలాగే అచ్చుకు పంపేశాడు.

కొత్త కాగితాల మీద మనిషి లేదు, నేల మీద గులాబీ మరక ఉంది.

"ఇదేమిటి?" అన్నాడు కన్సుకే.

"రాలిన పూలండి."

కన్సుకే మురిసిపోయాడు. ఊరంతా ఆ రాలిన పూలను మెచ్చుకుంది. నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది.

అంచులు అరిగిన పలకలను చిత్రికపట్టి కొత్త బొమ్మలకు వాడటం ఆనవాయితీ. నా పూలన్నీ అలాగే పోయాయి. ముడి దగ్గరికి వచ్చేసరికి సొబెయి చెయ్యి ఆగింది. "ఇదొక్కటి నాకు ఉండనీయండి, అయ్యగారూ," అని కన్సుకేను బతిమాలి ఇంటికి తెచ్చుకున్నాడు. ఏటా వసంతంలో ఊరు ఊరంతా పూల కిందికి పోతే, ఆయన నాకు రంగు పూసి ఒక్క కాగితం అద్దేవాడు. దాని ఎదురుగా కూర్చుని తాగేవాడు.

ఆయన పోయాక ఇల్లు ఖాళీ చేసినవాళ్లు నన్ను ఊరగాయ తొట్టికి మూత చేశారు, ముడి లోపలివైపుకు. రోజూ ఎవరో ఒకరు ఎత్తుతారు, ముక్క తీసుకుంటారు, మళ్లీ మూసేస్తారు. ఒనామి అనే మనిషి ఒకత్తె ఉండేదని తెలిసింది ఇప్పుడు నాకొక్కదానికే. నేను కూడా ఆమె ముఖం చూడలేదు.